ఎండాకాలం గ్లాసులో గుంటూరు ఘాటు

మే నెల వచ్చిందంటే గుంటూరు మిర్చి యార్డుకు వేసవి సెలవులు. సంక్రాంతి నుంచి టిక్కీల (మిర్చి బస్తాల) లారీలతో, ముఠా కూలీల కేకలతో, ధర కోసం ఎదురుచూసే రైతులతో కిటకిటలాడిన ఆవరణ దాదాపు నెల రోజులు ఖాళీగా ఉంటుంది. ఒకపక్క ఎండు కాయ ఘాటు, ఇంకోపక్క నలభై దాటిన ఎండ. ఆ రెండింటి మధ్య బస్తా ఎత్తడం ఎంతటి కండగల మనిషికైనా కష్టమే. అయితే పని పూర్తిగా ఆగదు. అమ్ముడుపోని సరుకు అప్పటికే కోల్డ్ స్టోరేజీలకు చేరి ఉంటుంది. ఊరి శివారు నల్లపాడు చుట్టుపక్కల కాయల తొడిమలు తీసే పని, గ్రేడింగు పని ఎండలోనూ సాగుతూనే ఉంటాయి.

ఇలాంటి చోట దాహం తీర్చుకోవడం సరదా వ్యవహారం కాదు. ప్రాణానికి సంబంధించిన పని. అందుకేనేమో, ఈ ప్రాంతం తన పానీయాలను ఏళ్ల తరబడి పదును పెట్టుకుంది. మజ్జిగలో అల్లం పచ్చిమిర్చి, పానకంలో మిరియాలు, షర్బత్‌లో ఉప్పు. చల్లదనం కోసం తాగే గ్లాసులో వేడి చేసే దినుసు ఎందుకు? వింతగా కనిపించే ఈ అలవాటులోనే ఇంట్లో మంచి కాక్‌టెయిల్ చేసుకునే కిటుకంతా ఉంది. అదీ, మద్యం చుక్క లేకుండా.

నిజాంపట్నం నుంచి పంచ్

కాక్‌టెయిల్ అనగానే విదేశీ బార్లు, పొడవాటి గాజు గ్లాసులు కళ్ల ముందుకొస్తాయి. కానీ కాక్‌టెయిళ్ల కంటే ముందే ప్రపంచాన్ని చుట్టేసిన పానీయం ఒకటుంది. అది పంచ్. సారా, నిమ్మరసం, చక్కెర, నీళ్లు, మసాలా దినుసు కలిపి పెద్ద పాత్రలో పోసి నలుగురూ పంచుకు తాగేవారు. ఇంగ్లిషు రాతల్లో దీని ప్రస్తావన మొదట కనిపించేది 1632 సెప్టెంబరు 28 నాటి ఒక ఉత్తరంలో. రాసినవాడు ఈస్టిండియా కంపెనీలో పనిచేసే రాబర్ట్ ఆడమ్స్. అందుకోవలసినవాడు పెట్టపోలిలోని కంపెనీ ఉద్యోగి థామస్ కోలీ. ఆ పెట్టపోలి మరెక్కడో లేదు. ఇప్పటి బాపట్ల జిల్లా తీరంలోని నిజాంపట్నమే.

డచ్చివాళ్లు 1606లో, ఇంగ్లిషువాళ్లు 1611లో ఆ రేవుకు వచ్చారు. వాళ్లకు కావలసింది ఇక్కడి నూలు బట్ట. పంచ్ తాగడం అప్పటికే వాళ్లకు అలవాటైందని ఆ ఉత్తరం చెబుతోంది. పంచ్ సరిగ్గా ఏ ఊళ్లో పుట్టిందో తేల్చడం ఎవరి తరమూ కాదు గానీ, దానికి కావలసిన వస్తువులన్నీ ఈ తీరంలో చేతికందేవే. తాటి కల్లు నుంచి తీసిన సారా, చెట్టు మీది నిమ్మకాయ, చెరుకు తీపి, దుకాణంలో సుగంధ ద్రవ్యాలు.

ఆ తర్వాతి చరిత్రలో సారా ఈ నేలకు చేసిన కీడు తక్కువేమీ కాదు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో ఆడవాళ్లు సారా దుకాణం మీదికి కదిలారు. ఆ ఉద్యమం రాష్ట్రమంతా పాకింది. 1993 అక్టోబరు 1 నుంచి సారా నిషేధం, 1995లో సంపూర్ణ మద్యనిషేధం వచ్చాయి. సంపూర్ణ నిషేధం 1997లో సడలింది. అయినా ఇంట్లో పిల్లలు, పెద్దలు కలిసి తాగే గ్లాసులో మద్యానికి చోటు లేదన్న పట్టుదల చాలా కుటుంబాల్లో అలాగే ఉంది. ఈ కథనంలోని పానీయాలన్నీ ఆ పట్టుదలను గౌరవించేవే.

మంట ఎక్కడిది?

పంచ్‌లోంచి సారా తీసేస్తే మిగిలేది నిమ్మకాయ నీళ్లేనా అని ఎవరైనా అడగవచ్చు. సారా ఇచ్చేది మత్తు ఒక్కటే కాదు. గొంతులో వెచ్చటి మంట కూడా ఇస్తుంది. ఆ మంట ఉంటేనే పానీయాన్ని గుటకలుగా, నెమ్మదిగా తాగుతారు. పండ్లరసంలో లేనిది అదే. అందుకే ఎంత మంచి రసమైనా రెండు గుక్కల్లో అయిపోతుంది.

ఈ మంట సంగతి శాస్త్రం తేల్చింది. నాలుక మీద, చర్మంలో వేడిని పసిగట్టే ఒక గ్రాహకం ఉంది. పేరు టీఆర్‌పీవీ1. అమెరికా శాస్త్రవేత్త డేవిడ్ జూలియస్ బృందం 1997లో దీన్ని గుర్తించింది. గుర్తించడానికి వాళ్లు వాడింది మిరపకాయలోని కారపు పదార్థం క్యాప్సైసిన్‌నే. ఈ పరిశోధనకు ఆయన 2021లో నోబెల్ బహుమతి పంచుకున్నారు. దాదాపు 43 డిగ్రీల వేడి తగిలితే తెరుచుకునే ఈ తలుపు మిరపకాయ తగిలినా తెరుచుకుంటుంది. మిరియం తగిలినా అంతే. ఆల్కహాల్ అదే గ్రాహకం మీద పనిచేసి, మామూలు ఒంటి వేడికే అది మంటగా స్పందించేలా చేస్తుంది. అంటే సారా మంట, మిర్చి మంట ఒకే దారిన వస్తాయి. సారా స్థానంలో పచ్చిమిర్చి వేయడం సర్దుబాటు కాదు, సరైన మార్పిడి.

పుదీనా కథ దీనికి తలకిందులు. దానిలోని మెంథాల్ చలిని పసిగట్టే మరో గ్రాహకాన్ని తడుతుంది. నీళ్లు చల్లగా లేకపోయినా నోరు చల్లబడినట్లు అనిపించేది అందుకే. మిర్చి, పుదీనా ఒకే గ్లాసులో పడితే వేడి, చలి రెండూ ఒకేసారి తెలుస్తాయి.

కారం తింటే చెమట పడుతుంది. చెమట ఆరితే ఒళ్లు చల్లబడుతుంది. నల్లపాడు జంక్షన్ దాటి నరసరావుపేట, నడికుడి వైపు వెళ్లేకొద్దీ ఉండే పొడి ఎండలో ఈ లెక్క బాగా పనిచేస్తుంది. అటు తెనాలి, బాపట్ల వైపు ఉక్కపోతలో చెమట ఆరదు. అక్కడ కారం తగ్గించి కొబ్బరినీళ్లు, ముంజల వైపు మొగ్గడం మేలు.

మిర్చి నిమ్మ పంచ్

నలుగురికి ఐదు నిమ్మకాయలు, ఒక పచ్చిమిర్చి, అంగుళంలో సగం అల్లం, గుప్పెడు పుదీనా, ఏడెనిమిది చెంచాల చక్కెర, అర చెంచాకు తక్కువగా ఉప్పు, లీటరు చల్లటి నీళ్లు చాలు. నిమ్మకాయలకు తెనాలి మార్కెట్ పేరున్నది. పలచటి తోలు, చేత్తో నొక్కితే మెత్తగా లొంగే కాయ ఎంచుకోవాలి.

రుచంతా తొందరపడకుండా చేసే మొదటి పనిలో ఉంది. నిమ్మకాయలు పిండకముందే రెండు కాయల పై తోలును సన్నగా చెక్కాలి. కింది తెల్లపొర తగలకూడదు, తగిలితే చేదు. ఆ చెక్కును చక్కెరలో వేసి వేళ్లతో నలిపి అరగంట మూతపెట్టి పక్కన పెట్టాలి. చక్కెర తడిసి తోలులోని నూనెను లాగేసుకుంటుంది. పాతకాలపు పంచ్‌కు పునాది ఇదే. గిన్నె మూత తీసేసరికి ఘుమఘుమలతో గది నిండిపోతుంది. వట్టి రసం పిండి చేసిన షర్బత్‌కు ఆ వాసన ఎన్నటికీ రాదు.

తర్వాత పచ్చిమిర్చిని నిలువుగా చీల్చాలి. కారం గింజల్లో ఉంటుందని చాలామంది అనుకుంటారు గానీ, అసలు ఘాటు గింజలను పట్టుకుని ఉండే తెల్లటి ఈనెలో ఉంటుంది. పిల్లల కోసమైతే చెంచా మొనతో ఆ ఈనెను గీకేయాలి. పెద్దలకైతే సగం ఉంచవచ్చు. చీల్చిన కాయను, దంచిన అల్లాన్ని నిమ్మరసంలో పది నిమిషాలు నానబెట్టి వడకట్టాలి. అంతకు మించి నానితే పానీయంలో కారం ఒక్కటే మిగులుతుంది. పుదీనాను మిక్సీలో వేయకూడదు, రంగు నల్లబడి చేదెక్కుతుంది. ఆకులను రెండు అరచేతుల మధ్య గట్టిగా చరిచి వేస్తే చాలు. చివరగా నీళ్లు, ఉప్పు. ఉప్పు తెలియకూడదు, కానీ ఉండాలి.

పుచ్చకాయకు ఉప్పుకారం

పుచ్చకాయలో 92 శాతం నీరే. దాన్ని మళ్లీ నీళ్లు పోసి పలచన చేయడం దుబారా. ముక్కలను గింజలు తీసి, మిక్సీలో ఒక్క తిప్పు తిప్పి, చిల్లుల గిన్నెలో వడకట్టి, సగం నిమ్మచెక్క పిండితే రసం సిద్ధం.

కాక్‌టెయిల్ తరహా అంతా గ్లాసు అంచులో ఉంది. రెండు ఎండుమిరపకాయలను నూనె లేకుండా దోరగా వేయించి, చెంచాడు కళ్లుప్పుతో రోట్లో దంచాలి. యార్డులో 334 అని పిలిచే రకమైతే రంగు, కారం రెండూ సమంగా వస్తాయి. గుంటూరు పక్కనే ఉన్న లాం పరిశోధన కేంద్రం ఇచ్చిన రకమది. తేజ రకమైతే సగం కాయ చాలు. గ్లాసు అంచుకు నిమ్మచెక్క రుద్ది, బోర్లించి ఈ ఉప్పుకారంలో అద్దాలి. రసం పోసి తాగుతుంటే ముందు ఉప్పు, ఆ వెంటనే తీపి, గుటక దిగాక కారం.

మెక్సికో వీధుల్లో పుచ్చకాయ, మామిడి ముక్కల మీద నిమ్మకాయ పిండి ఉప్పు, కారం చల్లి అమ్ముతారు. బడి ముందు బండి మీద మామిడికాయ ముక్కలకు ఉప్పుకారం అద్దుకుని పెరిగిన తెలుగువారికి ఆ రుచి వేరే చెప్పక్కర్లేదు. మిరప పుట్టినిల్లు అమెరికా ఖండమే. పోర్చుగీసు ఓడల్లో పదహారో శతాబ్దంలో అది ఇక్కడికి చేరింది. సముద్రానికి అటూ ఇటూ ఉన్న జనం ఒకరినొకరు చూడకుండానే పండుకు కారం జోడించడం నేర్చారు.

మిరపకు ముందు మిరియం

మిరప రాకముందు ఈ మంట ఇచ్చే పని మిరియానిది. అందుకు సాక్ష్యం పానకం. శ్రీరామనవమి పందిళ్లలో పంచేదీ, మంగళగిరి కొండ మీద పానకాల నరసింహస్వామి నోట శంఖంతో పోసేదీ అదే. స్వామి సగం తాగి సగం భక్తుడికి మిగులుస్తాడని నమ్మకం. మిగిలింది ప్రసాదం.

లీటరు నీళ్లకు నూట యాభై గ్రాముల బెల్లం, చెంచాడు మిరియాల పొడి, అర చెంచా శొంఠి, నాలుగు యాలకులు. బెల్లం కరిగాక తప్పనిసరిగా పలుచటి గుడ్డలో వడకట్టాలి. ముదురు రంగు బెల్లం తీసుకుంటే రుచి లోతుగా ఉంటుంది, మెరిసే పసుపు బెల్లం కంటే అదే నయం. చాలా ఇళ్లలో పానకం నవమి నాడు చేసి మళ్లీ ఏడాదికి గానీ తలవరు. ఇది తీరని నష్టం. కాస్త నిమ్మరసం పిండి, కొత్తకుండలో రెండు గంటలు ఉంచితే మే నెల సాయంత్రాలకు ఇంతకు మించిన పానీయం దొరకడం కష్టం.

పచ్చిమామిడిదీ ఇదే దారి. పుల్లటి కాయను కుంపటి మీదో, స్టవ్ మంట మీదో తోలు నల్లబడేదాకా కాల్చి, గుజ్జు తీసి, బెల్లం, వేయించిన జీలకర్ర, ఉప్పు కలిపి సీసాలో పెట్టుకోవాలి. రెండు చెంచాల గుజ్జుకు గ్లాసుడు నీళ్లు. కలెక్టర్ కాయ దీనికి పనికిరాదు, పులుపు చాలదు.

సుగంధ వేళ్లు, గోలీసోడా

సుగంధ షర్బత్ సీసాల్లో కొనేవాళ్లే ఎక్కువ. వాటిలో చాలావరకు చక్కెర పాకం, రంగు, ఎసెన్సు. సుగంధపాల వేళ్లు మూలికల దుకాణంలో దొరుకుతాయి. వేరు విరిచి వాసన చూస్తే వెనీలా గుర్తొస్తుంది. అది భ్రమ కాదు. ఈ వేరులోని పరిమళ పదార్థానికీ వెనీలాలోని వెనిలిన్‌కూ అణువుల లెక్క ఒకటే, అమరిక మాత్రమే వేరు.

యాభై గ్రాముల వేళ్లను కడిగి దంచి, మధ్యలోని గట్టి కర్ర పుల్ల తీసేయాలి. వాసన పై బెరడులోనే ఉంటుంది. అర లీటరు మరిగిన నీళ్లు పోసి రాత్రంతా మూతపెట్టి ఉంచాలి. తెల్లారి వడకట్టిన నీళ్లకు అర కిలో చక్కెర చేర్చి, కరిగి ఒక్క పొంగు రాగానే దించాలి. ఎక్కువసేపు మరిగిస్తే పరిమళం ఆవిరైపోతుంది, మిగిలేది తీపి పాకమే. గ్లాసులో ముందు పాకం, నిమ్మరసం, నానబెట్టిన సబ్జా గింజలు వేసి, సోడాను గ్లాసు గోడ వెంట నెమ్మదిగా పోయాలి. బరువైన పాకం అడుగున ముదురు రంగులో నిలిచి, పైకి వెళ్లేకొద్దీ లేతబడుతుంది. బార్లలో వరసల రంగుల పానీయాల వెనుక ఉన్న పనితనమూ ఇదే.

గోలీసోడా సీసా కూడా దూరం నుంచి వచ్చిందే. లండన్‌కు చెందిన హైరమ్ కాడ్ 1872లో దానికి పేటెంట్ తీసుకున్నాడు. లోపలి గ్యాసే గోలీని పైకి నెట్టి మూత వేస్తుంది. పుట్టిన దేశంలో అది ఎప్పుడో కనుమరుగైంది. ఇక్కడ మాత్రం ఇప్పటికీ బండి మీద బొటనవేలి నొక్కుడుకు టప్పున తెరుచుకుంటోంది.

మజ్జిగ దారి వేరు

తొడిమలు తీసే చేతులు మండుతుంటే నీళ్లతో ఎంత కడిగినా ఫలితం ఉండదు. క్యాప్సైసిన్ నీళ్లలో కరగదు, నూనెలో కరుగుతుంది. పాలలోని కేసీన్ అనే ప్రోటీన్ మాత్రం దాన్ని పట్టి లాగేస్తుంది. కారం తిన్న నోటికి మంచినీళ్ల కంటే మజ్జిగ హాయినిచ్చేది అందుకే. మిర్చి పండే ఊళ్లో చలివేంద్రాల దగ్గర మజ్జిగ కుండ ఉండటంలో ఇంత అర్థం ఉంది.

గడ్డపెరుగును ముందు నీళ్లు పోయకుండా చిలికి, ఆ తర్వాత మూడింతల నీళ్లు కలపాలి. దంచిన అల్లం, చీల్చిన మిర్చి, కరివేపాకు, చిటికెడు ఇంగువ, ఉప్పు సరే. వీటికి మించినది దబ్బాకు. రెండు ఆకులు చేత్తో చించి వేసి పావుగంట ఉంచితే మజ్జిగకు వచ్చే వాసన నిమ్మరసం పిండినా రాదు. దబ్బాకు లేకపోతే లేత నిమ్మాకు.

ఉప్పూ చక్కెరా ఎందుకు కలవాలి?

ఎండలో పనిచేసి వచ్చినవాళ్లకు వట్టి నీళ్లు చాలవు. చెమటతో ఉప్పు కూడా పోతుంది. పేగుల్లో సోడియం, గ్లూకోజు జంటగా లోపలికి వెళతాయి, వాటి వెంట నీరు వెళుతుంది. 1971లో బంగ్లాదేశ్ యుద్ధ సమయంలో బెంగాల్‌లోని బొన్‌గావ్ శరణార్థి శిబిరాల్లో కలరా విజృంభించినప్పుడు డాక్టర్ దిలీప్ మహలనబిస్ సెలైన్ సీసాలు చాలక, ఉప్పూ గ్లూకోజూ కలిపిన నీళ్లను తాగించారు. 30 శాతం దాకా ఉన్న మరణాలు 4 శాతం లోపుకు దిగాయి. ఆయన మరణానంతరం 2023లో పద్మవిభూషణ్ ప్రకటించారు.

ఇంట్లో అయితే లీటరు శుభ్రమైన నీళ్లకు అంచుకు సమంగా నింపిన ఆరు చిన్న చెంచాల చక్కెర, అదే చెంచాతో అర చెంచా ఉప్పు. కొలత మారకూడదు. ఉప్పు ఎక్కువైతే ప్రమాదం, చక్కెర ఎక్కువైతే విరేచనాలు పెరుగుతాయి. వడదెబ్బ తగిలి స్పృహ తప్పిన మనిషికి నోట్లో ఏదీ పోయకూడదు. నీడకు చేర్చి, ఒళ్లు తడిపి, ఆస్పత్రికి తీసుకెళ్లాలి.

ఇక మిగతా పానీయాల్లో తీపి మీద ఓ కన్నేసి ఉంచాలి. రోజుకు యాభై గ్రాములకు మించి చక్కెర వద్దనీ, ఇరవై ఐదు గ్రాములకు తగ్గితే ఇంకా మంచిదనీ ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో చెప్పింది. కొన్న కూల్‌డ్రింకులో వంద మిల్లీలీటర్లకు దాదాపు పది గ్రాములు ఉంటుంది. పాకం వాడే షర్బత్‌లు దానికి తీసిపోవు. తేడా ఏమిటంటే ఇంట్లో చెంచా మన చేతిలో ఉంటుంది. మధుమేహం ఉన్నవాళ్లకు మజ్జిగే మేలు, బీపీ ఉన్నవాళ్లు దానిలోనూ ఉప్పు తగ్గించాలి. ఐసు విషయంలో మాత్రం రాజీ వద్దు. కాచి చల్లార్చిన నీళ్లను ఫ్రిజ్‌లో గడ్డకట్టించుకోవాలి. చేపల పెట్టెలకు వాడే దిమ్మల ఐసు ఎంత చౌకైనా గ్లాసులోకి రాకూడదు.

ముంజల వంతు

తాటి ముంజలు ఉన్నన్నాళ్లు వాటిని ముందు వాడుకోవాలి. నిమ్మ, బెల్లం, మిరియాలు ఏడాదంతా దొరుకుతాయి, ఇవి దొరకవు. కాయ చెక్కగానే వేలితో నొక్కితే జెల్లీలా కదిలి, లోపల నీళ్లు ఆడాలి. గట్టిగా తగిలితే ముదిరినట్టే, కడుపునొప్పి తెస్తుంది. పైనున్న గోధుమరంగు పలుచటి తొక్క వగరు. దాన్ని ఒలిచేటప్పుడు ముంజ చిట్లి లోపలి నీరు కారిపోతుంది కాబట్టి గిన్నె మీద పట్టుకుని ఒలవాలి. ఆరు ముంజలను చేత్తో చిదిమి, రెండు గ్లాసుల లేత కొబ్బరినీళ్లు, చెంచాడు నానిన సబ్జా, నాలుగు చుక్కల నిమ్మరసం కలిపితే చాలు. చక్కెర అవసరం లేదు. ఫ్రిజ్‌లో పెడితే సాయంత్రానికల్లా ముంజ గట్టిపడి రుచి మారుతుంది. పొద్దున కొన్నవి మధ్యాహ్నం భోజనానికి ముందే తాగేయాలి. సుగంధ పాకం అయితే తడి తగలని సీసాలో, ఫ్రిజ్‌లో వారాల తరబడి ఉంటుంది. మామిడి గుజ్జు వారం, పానకం ఒక పూట, పుచ్చకాయ రసం అప్పటికప్పుడే.